తోయకూడని బండి

మిషన్ల పనిలోకి కొత్తగా దిగిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినాలని సూరత్‌లో నన్నెరిగిన వాళ్లంతా అంటుంటారు. ఏ సగం తీసేయాలో మాత్రం ఇంతవరకూ ఎవరూ తేల్చలేకపోయారు. ఈసారి మీకా శ్రమ లేదు. వాన గురించి చెప్పేటప్పుడు కొంచెం తగ్గించుకోండి. మిగతాదంతా ఉన్నదున్నట్టే. నడుము మొరాయించి యాభై మూడో ఏట పని మానుకున్నవాణ్ని, ఇప్పుడు అబద్ధమాడి నేను సంపాదించేదేముంది?

ఇరవయ్యో ఏట సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు ఒకే సేఠు దగ్గర మగ్గాలు బాగుచేశాను. అందరూ ‘మాస్టర్’ అనేవాళ్లు. స్కూలు మాస్టర్ని కాను, రెంచీ మాస్టర్ని. ఆఖరి మూడేళ్లు మాత్రం నా చేతికింద మగ్గాలు లేవు, పాత కార్లున్నాయి. మగ్గం నుంచి కారు మీదికి ఎలా దూకానంటే, ఒక అబద్ధం మీద కాలుపెట్టి దూకాను.

కరోనా మొదటి ఏడు. మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఊళ్లకు పోగలిగినవాళ్లు పోయారు. నలుగురం షెడ్డులోనే చిక్కుకుపోయాం: నేను, అరవై దాటిన మా మామ, జగిత్యాల వైపు అన్నదమ్ములిద్దరు. మామ అంటే చుట్టరికం కాదు. నేను వచ్చిన రోజు నాకు మొదటి ముద్ద పెట్టినవాడు, అందుకని మామ. నలభై ఏళ్లు మగ్గం మీద నిలబడ్డ మనిషి. నా కథలన్నీ మొదటి నుంచి చివరిదాకా నమ్మే శ్రోత సూరత్ మొత్తంలో ఆయనొక్కడే.

షెడ్డులో ఓ మూల పెద్ద సేఠు పాత ఫియట్ కారు ఉండేది. ఎనిమిది మగ్గాల ఆసామిగా ఉన్న రోజుల్లో కొన్న మొదటి బండి. డ్రైవరు ఊరికి పోయాడు. బండి ఊరికే నిలబడితే చచ్చిపోతుందని సేఠుకు బెంగ. ఒకరోజు ముక్కుకు గుడ్డ కట్టుకుని, గుమ్మం బయటే నిలబడి అడిగాడు, మీలో మోటారు పని తెలిసినవాడు ఎవడని.

నేను దగ్గర్లోని పల్సానాకు సరుకు మోసే టెంపో నడిపినవాణ్నే. ‘నాకు తెలుసు సేఠ్’ అంటే సరిపోయేది. కానీ సరిపోవడం అనేది నా నోటికి అలవాటు లేదు.

“సేఠ్, పందొమ్మిదో ఏట మద్రాసులో కార్ల పందెంలో నడిపిన్నేను” అన్నాను.

అన్నదమ్ములిద్దరూ గోడకేసి తిరిగి నవ్వుకున్నారు. మామ మాత్రం ఛాతీ పొంగించి, “మా అల్లుడంటే ఏమనుకున్నవ్ సేఠ్!” అన్నాడు. మద్రాసు సంగతి దేవుడెరుగు, నేను సముద్రం చూసిందే సూరత్ వచ్చాక.

ఆ అబద్ధంతో మా నలుగురికీ పని దొరికింది. ఫోనులో వీడియోలు చూసి, తెలియనిచోట మగ్గం బుద్ధి వాడి, ఇంజను విప్పి మళ్లీ బిగించాం. సాయంత్రాలు పెద్ద సేఠు ఆరడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఇంజను చప్పుడు వింటూ కళ్లు మూసుకునేవాడు. మరుసటి ఏడు రెండో విడత వచ్చింది. ఆయన ఆసుపత్రికి పోయాడు, తిరిగి రాలేదు. ఇంటివాళ్లెవరూ ఆయన ముఖం దగ్గరగా చూసుకోలేకపోయారు. మేము కారును తుడిచి, బొట్టు పెట్టి, ఒక రోజంతా దాని పక్కన కూర్చున్నాం. మాకు ఇంకేం చేయాలో తెలియలేదు.

తర్వాత వ్యవహారం కొడుకు చేతికి వచ్చింది. చిన్న సేఠు. పసితనం నుంచి మా మగ్గాల మధ్య తిరిగినవాడు కాబట్టి మన తెలుగులో ముందు తిట్లు నేర్చుకుని, తర్వాత మిగతా భాష నేర్చుకున్నాడు. తండ్రి పోయాక మనిషి మూగవాడైపోయాడు. పాత మగ్గాలు అమ్మేశాడు, కొత్త మిషన్లు వేరేచోట పెట్టాడు. కారు జోలికి మాత్రం రాలేదు. షెడ్డుకు వచ్చినా దానివైపు చూసేవాడు కాదు.

ఆ వానాకాలం మమ్మల్ని నలుగురినీ కూర్చోబెట్టాడు.

“మాస్టర్, బొంబాయి ఆయన ఒకడు ఈ కారు అడుగుతున్నడు. ఇచ్చేస్తే షెడ్డు గోదాముకు కిరాయికి ఇస్త. ఇంకో మాట గూడ ఉన్నది. పాత బండ్లున్నోళ్లు కొందరు, మా బండ్లు గూడ మీవోళ్లే చూస్తరా అని అడుగుతున్నరు. అట్లయితే ఇక్కడే వర్క్‌షాప్ పెడ్దాం. కానీ ముందు మీ పని ఏందో వాళ్లు చూడాలె గదా?”

చూసే సందర్భం ఒకటి దగ్గర్లోనే ఉంది. కిమ్ ఊరు దాటాక ఎవరో బట్టల మిల్లుల కోసం ప్లాట్లు వేసి, చుట్టూ నున్నటి రోడ్డు పోశారు. కరోనా వచ్చి ప్లాట్లు అమ్ముడుపోలేదు. రోడ్డు మాత్రం గుండ్రంగా, ఖాళీగా పడి ఉంది. పాత కార్ల షోకున్న వాళ్లంతా ఒక ఆదివారం దాన్ని ట్రాకుగా వాడుకుందామనుకున్నారు. మలుపుల దగ్గర గుర్తుకు ఏం పెట్టారో తెలుసా? దారం చుట్టే అట్ట కోన్లు. సూరత్ కదా మరి.

సేఠు వెళ్లిపోయాక మామ లేచి కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఆయన భయం నాకు తెలుసు. అన్నదమ్ములు కుర్రవాళ్లు, ఎక్కడైనా బతుకుతారు. నాకు చేతిలో రెంచీ ఉంది. అరవై దాటిన నేతమనిషికి, అదీ దగ్గితే జనం పదడుగులు పారిపోయే ఆ రోజుల్లో, ఏ మిల్లు గేటు తెరుచుకుంటుంది?

“అల్లుడా, బండి మంచిగ తయారు జెయ్యాలె” అన్నాడు చివరికి. “వానకాలం బిగింపు వేద్దాం.”

ఇక్కడ కొంచెం ఆగి మీకు మా పని సంగతి చెప్పాలి. వానలు మొదలైతే మగ్గాల మీద రేయాన్ దారం తేమకు సాగుతుంది, బెల్టులు జారతాయి. అందుకని మొదటి వాన పడగానే మాస్టరు రెంచీ పట్టుకుని షెడ్డంతా తిరిగి, ప్రతి మగ్గాన్నీ ఒక చుట్టు బిగిస్తాడు. ముప్పై ఏళ్లు చేసిన పని. మబ్బు పట్టగానే నా చెయ్యి దానంతటదే రెంచీ కోసం వెతుకుతుంది. వానలో కారు నడవాలి అనగానే నలుగురికీ ఒకే ఆలోచన వచ్చింది. వేరే ఆలోచన ఉండొచ్చని కూడా తోచలేదు.

వెనక చక్రాల మీద బండిని మోసే కమాన్ కట్టలకు రెండేసి ఉక్కు పట్టీలు అదనంగా వేశాం. షాక్ అబ్జార్బర్లు రాయిలాగా చేశాం. టైర్లలో గాలి ఎంత కొట్టామంటే, వేలితో కొడితే ఖంగుమన్నాయి. నేను బిగించి పక్కకు జరగగానే మామ వచ్చి ఇంకో పావు చుట్టు బిగించేవాడు. పని ముగిసేసరికి ఆ బండి మీద కూర్చుంటే కింద రూపాయి బిళ్ల పడి ఉంటే బొమ్మో బొరుసో తెలిసేది.

గురువారం నాడు ట్రాకు మీద తిప్పి చూసుకోవడానికి పోయాం. సేఠు బొంబాయి నుంచి డ్రైవరును మాట్లాడాడు. నిజంగా పందేల్లో నడిపినవాడు. అతన్ని చూడగానే నా మద్రాసుతో సహా మామ వెనక్కి జరిగాను. సన్నగా వాన మొదలైంది. మొదటి మలుపులోనే మా ఫియట్ తోక విసిరి, గుండ్రంగా తిరిగి, వచ్చిన దారికేసి ముఖం పెట్టి నిలబడింది. రెండో మలుపులోనూ అంతే. మూడోది కల్వర్టు దగ్గర. అక్కడ రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు ఎగిరి డెల్కో మీద పడ్డాయి. స్పార్కు ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బాను మేము డెల్కో అంటాం. అది తడిసిందంటే ఇంజను చచ్చినట్టే. నలుగురం తోశాం. ఆరబెట్టి మళ్లీ పంపాం. మళ్లీ అక్కడే ఆగింది. మళ్లీ తోశాం.

కొనడానికొచ్చిన బొంబాయి ఆయన గొడుగు కింద నిలబడి చూస్తున్నాడు. చెడ్డవాడేం కాదు. నవ్వు మాత్రం ఆయన పొట్టకంటే పెద్దది.

“సేఠ్‌జీ, యే గాడీ హై యా ఠేలా? తోపుడుబండి కొనమంటున్నారా నన్ను?” అన్నాడు హిందీలో.

డ్రైవరు దిగి నాకేసి వచ్చాడు. “ఎవడు సెట్ చేశాడు దీన్ని?”

“మద్రాసులో ఇట్లనే చేస్తరు” అన్నాను. నోరు అలవాటు పడింది, ఏం చేయను!

సేఠు ముఖం మాడిపోయింది. బొంబాయి ఆయన వైపు తిరిగి అందరి ముందూ అనేశాడు: “ఆదివారం ఈ బండిని ఒక్కసారి తోయాల్సి వచ్చినా, అక్కడికక్కడే తాళంచెవి మీ చేతిలో పెడతాను.” తర్వాత మామకేసి చూసి, “సమజైందా? వెనక చెయ్యి పడ్డదంటే బండి పోయినట్టే” అన్నాడు.

శుక్రవారం నాకు అన్నం సహించలేదు. కరోనా మొదటి ఏడు ఊళ్లో ఉండి తిరిగొచ్చిన మా ఆవిడ అప్పట్లో పాండేసరలో రంగుల మిల్లులో చీరలు మడతపెట్టే పనికి పోయేది. పొద్దున టిఫిన్ డబ్బా మరిచిపోయిందని తీసుకుపోయాను. లోపల నేలంతా నీళ్లు, ఆ నీళ్లలో రంగు. జారిపోతానేమోనని కాళ్లు బిగబట్టి, నిటారుగా, పెళ్లికొడుకులా నడిచాను. నాలుగో అడుగులో ఆకాశం కనిపించింది. డబ్బా ఒకవైపు, నేనొకవైపు.

మిల్లంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నా భార్య.

“గట్ల బిర్రుగ నడిస్తే పడకేమైతదయ్యా? మోకాళ్లు జర సడలించాలె. గా మనిషిని జూడు.”

తడి బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఒకతను పోతున్నాడు. మోకాళ్లు కొంచెం వంచి, పాదం మెల్లగా ఆనించి, ఒళ్లంతా వదులు చేసి, నీళ్ల మీద పిల్లిలాగా. ఇంత బరువుతో ఒక్కచోట కూడా జారడం లేదు.

నేను ఆ ఎర్ర నీళ్లలోనే కూర్చుండిపోయాను.

“ఏమాయె? నడుం పట్టిందా?” అని ఆమె ఇప్పుడు కంగారుపడింది.

“లేదే. కమాన్ కట్టలు” అన్నాను.

“తలకు దెబ్బ తగిలినట్టుంది ఈయనకు” అని పక్కామెతో అంది.

శనివారం తెల్లారగానే షెడ్డులో యుద్ధమే జరిగింది. నేను వేసిన పట్టీలు తీసేస్తుంటే మామ రెంచీ లాక్కున్నాడు.

“వానకాలం నట్టు సడలించెటోన్ని నిన్నే జూస్తున్నర! పిచ్చిగాని లేసిందా?”

“మామా, మగ్గం ఒక్కకాడ నిలబడి పని జేస్తది. ఇది నీళ్ల మీద నడువాలె. బిర్రుగుంటే రోడ్డును పట్టుకోదు, జారుతది.”

“నలభై ఏండ్ల సంది బిగిస్తున్నం!”

“మగ్గాన్ని.”

ఆయన కాసేపు రెంచీ అటూ ఇటూ తిప్పాడు. “మద్రాసుల గిట్లనే జేసినవా?” అని అడిగాడు, గొంతులో కొంచెం ఆశతో.

నా తప్పు ఒప్పుకోవడానికి దేవుడిచ్చిన అవకాశం అది. “అచ్చం గిట్లనే, మామా” అన్నాను.

అంతే, కారు కింద దూరాడు. అదనపు పట్టీలు తీశాం, షాక్ అబ్జార్బర్లను మెత్తబరిచాం, టైర్లలో గాలి ఉండాల్సినంతకు దించాం. బానెట్ మీద చెయ్యి పెట్టి నొక్కితే బండి నిద్రలో తల ఊపినట్టు ఊగింది.

ఆదివారం నాటి వాన గురించి చెప్పకూడదనే అనుకున్నాను. తాపీ నదిలో చేపలు దారి తప్పి కిమ్ రోడ్డు మీద లిఫ్టు అడుగుతున్నాయి, అంతకంటే చెప్పను. గేటు దగ్గర బల్ల వేసి, నుదుటికి తుపాకీ పెట్టి జ్వరం చూస్తున్నారు. మాకందరికీ పచ్చ దీపం వెలిగింది. మా బొంబాయి డ్రైవరుకు ఎర్ర దీపం వెలిగి కూత పెట్టింది. మళ్లీ చూశారు. మళ్లీ కూత. పాపం, అటు నుంచి అటే అతన్ని పంపించేశారు.

సేఠు నావైపు తిరిగాడు.

“మాస్టర్, మద్రాసుల నడిపినవ్ గదా. ఎక్కు.”

తమ్ముళ్లూ, అబద్ధం అనేది ఏడాదిపాటు మన వెనక నడిచి, ఒకరోజు ముందుకొచ్చి దారి కాస్తుంది. నేను డ్రైవరు పోయిన దారికేసి చూశాను. మామ మాత్రం ఈ రోజు కోసమే బతికున్నట్టు మెరిసిపోతున్నాడు. బల్ల మీద పెట్టిన రబ్బరు తొడుగుల డబ్బాను చూస్తూ ఒక్కసారిగా అన్నాడు.

“అల్లుడా, ఈ తొడుగు చేతికేనా? డెల్కోకు తొడగరాదా?”

నేను ఆయన్ని చూశాను. నాలుగు ప్లగ్గుల తీగలు, ఒకటి కరెంటు తెచ్చే కాయిల్ తీగ. మొత్తం ఐదు. తొడుగుకు వేళ్లూ ఐదే. డాక్టర్ల తొడుగు ఒకటి అడిగి తీసుకుని, వేళ్ల కొసలు కత్తిరించి, ఒక్కో వేలులోంచి ఒక్కో తీగ దూర్చి, మణికట్టు దగ్గర దారంతో కట్టేశాం. బానెట్ ఎత్తితే ఇంజను లోపలి నుంచి ఎవరో దండం పెట్టబోతున్నట్టు కనిపించింది.

ఆనాటి ఆట వేగం గురించి కాదు. ఎనిమిది చక్కర్లు కొట్టాలి. మొదటి చక్కరుకు ఎంతసేపు పట్టిందో మిగతా ఏడూ ఒక్కొక్కటి అంతే సేపట్లో కొట్టాలి. గడియారం, ఫోను గేటు దగ్గర ఇచ్చేయాలి. పక్కన ఒక మనిషి కూర్చోవచ్చు.

“లెక్క నేను జెప్త” అన్నాడు మామ. “మగ్గం దెబ్బ నా పానంల ఉన్నది.”

నిజమే. మామకు పాత మగ్గం చప్పుడు గుండెచప్పుడు లాంటిది. తేడా రాదు. తలుపు మీద వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు. టక్కు, టక్కు, టక్కు. నేను కదిలాను. బండి మెత్తగా సాగింది. మలుపులో తోక ఒకసారి కదిలి, మళ్లీ బుద్ధి తెచ్చుకుంది. కల్వర్టు నీళ్లలో మొదటి గేరులో, యాక్సిలరేటర్ వదలకుండా, మెల్లగా పోయాను. నీళ్లు దాటాక ఎడమ కాలితో బ్రేకు మీద కొంచెం బరువు ఉంచి ఆరబెట్టాను. తడిసిన బ్రేకు పట్టదు. ఆ ఒక్కటీ టెంపో నేర్పింది.

“మూడు వందల నలభై” అన్నాడు మామ, గీత దాటగానే.

రెండో చక్కరు మూడు వందల నలభై. మూడోది ముప్పై తొమ్మిది. నాలుగోది మళ్లీ నలభై. గొడుగుల కింద జనం మెడలు చాచడం మొదలుపెట్టారు. బొంబాయి ఆయన పెద్ద కారు, తెల్లగా, ఓడలాంటిది, కల్వర్టు దగ్గర బానెట్ ఎత్తుకుని ఆగిపోయి ఉంది. దాని పక్క నుంచి పోతుంటే మామ చెయ్యి ఊపాడు, ఏనుగు మీద రాజులాగా.

ఐదో చక్కరు. మామకు సంతోషం పట్టలేదు.

“నూట పది, నూట పదకొండు… అల్లుడా, మద్రాసుల గూడ గింత వాననేనా?”

నాకేమైందో ఇప్పటికీ తెలియదు. ఆ మనిషి ముఖం చూశాను. నన్ను నమ్మి షెడ్డును, బతుకును, అన్నీ ఆ సీట్లో పెట్టుకుని కూర్చున్నాడు. నోరు దానంతటదే తెరుచుకుంది. జీవితంలో మొదటిసారి నా అనుమతి లేకుండా నిజం బయటికొచ్చింది.

“మామా, నేను మద్రాసు పోనే పోలే.”

టక్కు టక్కు ఆగిపోయింది.

“ఏందీ?”

“లెక్క, మామా, లెక్క!”

“లెక్క గంగల కలువనీ! పోలేదా? మరి కార్ల పందెం?”

“అబద్ధం.”

“తాపీల మొసలితోని ఈత కొట్టినవ్ గదా, గదో?”

“మొసలి లేదు. ఈత గూడ రాదు నాకు.”

“థూ! నీ పెండ్లాం నిన్నెట్ల జేసుకున్నదిర?”

“గది నాకూ ఎరుక లేదు మామా. మలుపొచ్చింది, ఎంత అయింది జెప్పు!”

“ఏమెరుక! మూడు వందలో, మూడు వేలో!”

ఆ చక్కరు మగ్గం లెక్కన నడవలేదు, మామ కోపం లెక్కన నడిచింది. గీత దాటాక కూడా ఆయన కిటికీలోంచి వానకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆరో చక్కరు మొదటి మలుపు దాకా ఒక్క చప్పుడు లేదు. లెక్క ఆయన మనసులో నడుస్తూనే ఉందని నాకప్పుడు తెలియదు. అప్పుడు మెల్లగా మళ్లీ వినిపించింది. టక్కు, టక్కు.

“ఎన్నడూ పందెం నడపనోనివి, మరి గీ ఐదు చక్కర్లు ఎట్ల దింపినవ్?”

“నువ్వు లెక్క పెట్టినవ్ గదా.”

అంతే, ఇక లెక్క తప్పలేదు. మూడు వందల నలభై, మూడు వందల నలభై, మూడు వందల నలభై ఒకటి. ఆ ఒకటి నాది. చివరి మలుపులో ఏడుపొచ్చి అద్దం మసకబారింది. మాస్కు వల్ల అని ఆయనకు చెప్పాను. చూశారా, అలవాటు.

బహుమతి రాలేదు. ఐదో చక్కరు మమ్మల్ని నాలుగో చోటికి దింపింది. కానీ పొద్దుటి నుంచి ఆ బండి వెనక ఒక్క చెయ్యి పడలేదు. చుట్టూ ఉన్నవాళ్లు బానెట్ ఎత్తించి, ఆ తొడుగును చూసి, ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. మామ నన్ను దాటుకుని నేరుగా సేఠు దగ్గరికి పోయాడు.

“సేఠ్, వీడు మద్రాసు పోలేదంట! ఎన్నడూ పందెం నడపలేదంట!”

నా గుండె కల్వర్టు కింద పడింది. సేఠు నన్ను, కారును, మళ్లీ నన్ను చూశాడు.

“మరి ఇప్పటిదాకా నడిపింది ఎవడు, నీ తాతనా?” అన్నాడు.

తర్వాత ఒక పని చేశాడు. డ్రైవరు వైపు తలుపు తీసి, స్టీరింగు మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. తండ్రి పోయాక ఆ స్టీరింగును ఆయన తాకడం అదే మొదటిసారి. లోపల కూర్చుని, పక్క సీటు చూపించాడు. నేను ఎక్కాను.

“ఒక్క చక్కర్” అన్నాడు.

మొదట నత్తలా నడిపాడు. సగం దూరం పోయాక భుజాలు కొంచెం దిగాయి. “నాన్న నన్ను ముందట నిలబెట్టుకుని నడిపెటోడు. హారన్ నాది” అన్నాడు. హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. అటు తర్వాత కాలు నెమ్మదిగా కిందికి పోయింది. “సేఠ్, ముందట నీళ్లు” అన్నాను. ఆయన చిన్నపిల్లవాడిలా హారన్ మీద హారన్ కొడుతూ, ఉన్న వేగమంతా తీసుకుని కల్వర్టు నీళ్లలోకి దూకాడు. గోడలాగా లేచిన నీళ్లు మా నెత్తి మీదుగా పోయాయి. బండి ఒకసారి తిరిగింది, ఇంకోసారి సగం తిరిగింది, దగ్గింది, ఆగిపోయింది. అంత నీళ్లకు డాక్టర్ల తొడుగేం చేస్తుంది, డాక్టరే వచ్చినా కష్టం.

తాళంచెవి తిప్పాడు. గుర్రుమంది. మళ్లీ తిప్పాడు. ఈసారి ఆ మాత్రం కూడా లేదు.

మామా, అన్నదమ్ములూ పరుగెత్తుకొచ్చి, మూడడుగుల దూరంలో ఆగిపోయారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఎవరూ బండిని తాకే ధైర్యం చేయలేదు. బొంబాయి ఆయన గొడుగుతో తాపీగా నడిచొచ్చి, కిటికీలోంచి అరచెయ్యి చాచాడు. “చావీ, సేఠ్‌జీ?” అన్నాడు చిరునవ్వుతో.

సేఠు ఆ చెయ్యిని చూశాడు. తలుపు తీసి మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాడు. నన్ను స్టీరింగు దగ్గరికి జరగమని సైగ చేశాడు. బండి వెనక్కి పోయి, డిక్కీ మీద రెండు చేతులూ ఆనించాడు.

“సేఠ్, మాట…” అన్నాడు మామ నెమ్మదిగా.

“బయటోళ్లు తోస్తే అన్న” అన్నాడు సేఠు. “ఇంటోడు తోస్తే గది తోసుడు గాదు. చూసుకుంట ఏం నిలబడ్డరు? మీరు బయటోళ్లా?”

ఆ మాట ముగిసేలోపే మూడు జతల చేతులు డిక్కీ మీద పడ్డాయి. బొంబాయి ఆయన క్షణం ఆలోచించి, గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, “నా బండిని గూడా తర్వాత మీరే తోయాలి మరి” అంటూ వచ్చి భుజం పెట్టాడు. నేను రెండో గేరులో వేసి, వాళ్లు ఊపు అందుకున్నాక క్లచ్ వదిలాను. ఫియట్ రెండుసార్లు తుమ్మి అందుకుంది. నేను ఆపలేదు. అద్దంలో చూస్తే ఐదుగురు మనుషులు నడుముల దాకా బురదతో వానలో నా వెనక పరుగెత్తుకొస్తున్నారు. అందరి ముందు సేఠు ఉన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆ వానలో చెప్పలేను గానీ, తెలుగు తిట్లు మాత్రం స్పష్టంగా వినిపించాయి.

సోమవారం నేను షెడ్డుకు పోయేసరికి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల ఫియట్ పక్కన, తాడుతో లాక్కొచ్చిన ఓడలాంటి తెల్ల కారు నిలబడి ఉంది. దాని కింద నుంచి మామ కాళ్లు రెండూ బయటికి చాచి ఉన్నాయి.

“ఆలస్యంగొచ్చినవ్” అన్నాయి ఆ కాళ్లు. “పదమూడో నంబరు పానా ఇటియ్యి.”